చెడు కబురు మొదట: మలావీ సంఘంతో మా భాగస్వామ్యం, నా అనుభవం

ఇంగ్లండ్‌లో మేము వెళ్ళే ఆంగ్లికన్ చర్చి సంఘానికీ, ఆఫ్రికాలోని మలావీ దేశం దక్షిణాన మూలాంజే పర్వతం కనుచూపు మేరలో ఉన్న ఒక గ్రామీణ సంఘానికీ మధ్య కుదిరిన భాగస్వామ్యానికి 2019 నుంచి నేను కార్యదర్శిగా ఉన్నాను. కార్యదర్శి అన్న మాట పెద్దగా వినిపిస్తుంది గాని, చేసే పనల్లా ఉత్తరాలు రాయడం, సమావేశాల మినిట్స్ రాయడం, బ్యాంకు అడిగిన ప్రశ్నలకు జవాబులు పంపడం, అక్కడి నుంచి వచ్చిన నివేదికను ఆదివారం ఆరాధన ముగిశాక సంఘానికి చదివి వినిపించడం. ఇన్నేళ్ళలో అలాంటి నివేదికలు ఇరవైకి పైగా చదివాను. వాటిలో నాకు ఎక్కువ నేర్పింది ఒక్కటే. అందులో రాసింది నిజం కాదు. దాని సంగతి చెప్పాలంటే ఈ సంబంధం ఎలా మొదలైందో, దాని చుట్టూ మేము ఎన్ని కాగితాలు పేర్చామో ముందు చెప్పాలి.

2019 మార్చిలో ఇడాయ్ తుఫాను మొజాంబిక్, జింబాబ్వే, మలావీ దేశాలను అతలాకుతలం చేసినప్పుడు మా సంఘంలో ఒక ఆదివారం ప్రత్యేక కానుక పట్టాము. మలావీతో ఇక్కడి సంఘాలకు పాత చుట్టరికమే ఉంది. మిషనరీ డేవిడ్ లివింగ్‌స్టన్ 1857లో కేంబ్రిడ్జిలో చేసిన ఉపన్యాసం ప్రేరణతో ఏర్పడిన యూనివర్సిటీస్ మిషన్ అనే మిషనరీ సంస్థ 1861లో ఆ నేలమీద అడుగుపెట్టింది. ఒక బిషప్ కింద ఉండే సంఘాల సమూహమైన బర్మింగ్‌హామ్ డయోసీస్‌కు 1966 నుంచి మలావీ ఆంగ్లికన్ సంఘంతో లంకె ఉంది. మాది అంత చరిత్ర ఉన్న సంబంధం కాదు. ఆ తుఫాను కానుక చేరినట్లు అక్కడి చర్చి గురువు రాసిన ఉత్తరానికి మేము జవాబు రాశాము, ఆయన మళ్ళీ రాశారు, అలా ఏడాది గడిచేసరికి మా సంఘ పాలక మండలిలో ఎవరో, ఊరికే ఉత్తరాలు రాసుకునే బదులు ఏదైనా పని కలిసి చేద్దామన్నారు.

ఏ పని అన్నది కూడా మేమే తేల్చేశాము. ఆ సంఘం నడుపుతున్న చిన్నపిల్లల బడికి పైకప్పు లేదని ఒక ఉత్తరంలో మాటవరసకు వచ్చింది. ఇనుప రేకుల కప్పు అంటే మా వాళ్ళందరికీ వెంటనే నచ్చింది, ఎందుకంటే దానికి లెక్క కట్టవచ్చు, ఫొటో తీయవచ్చు, కట్టిన తర్వాత పూర్తయిందని చెప్పవచ్చు. ఆ కప్పు ఈ రోజుకీ పడలేదు. ఎందుకు పడలేదో చివర్లో వస్తుంది.

కాగితాల సంగతికి వస్తే, వాటిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. మా సంఘ పాలక మండలి సభ్యులు చట్టం దృష్టిలో ధర్మకర్తలు. పన్ను కట్టే దాత ఇచ్చిన ప్రతి పౌండుకు గిఫ్ట్ ఎయిడ్ అనే పన్ను రాయితీ కింద ప్రభుత్వం నుంచి మరో 25 పెన్నీలు తిరిగి రాబట్టుకోవచ్చు గనుక, ఆ డబ్బు దేశం దాటినప్పుడు అది ధర్మకార్యానికే ఖర్చవుతుందని నిర్ధారించుకోవడానికి తగిన జాగ్రత్తలు తీసుకున్నామని పన్నుల శాఖకు చూపించగలగాలి. కాబట్టి డబ్బు ఎవరి సొంత ఖాతాకూ వెళ్ళకూడదనీ, అక్కడి డయోసీస్ ఖాతా ద్వారానే వెళ్ళాలనీ, ఇద్దరి సంతకాలు లేనిదే బయటికి తీయకూడదనీ, ఏ వస్తువు కొన్నా మూడు దుకాణాల నుంచి ధరల కొటేషన్లు తీసుకోవాలనీ, మూడు నెలలకొకసారి నివేదిక పంపాలనీ నియమాలు రాసుకున్నాము. బైబిల్లో పౌలు కొరింథీయులకు రాసిన రెండవ పత్రిక ఎనిమిదవ అధ్యాయంలో, యెరూషలేములోని బీదల కోసం పోగుచేసిన చందా విషయంలో తనమీద ఎవరూ తప్పు మోపకుండా సంఘాలు ఎన్నుకున్న మనుషులను వెంట తీసుకెళ్తున్నానని అంత జాగ్రత్తగా చెప్పుకున్నాడంటే, మేము చెప్పుకోవడంలో వింత లేదు. అయితే అదే అధ్యాయంలో ఇప్పుడు మీ సమృద్ధి వారి కొరతకు, మరొకప్పుడు వారి సమృద్ధి మీ కొరతకు అన్న అర్థంలో సమానత్వం గురించి కూడా ఆయన రాశాడు. మా తొమ్మిది పేజీల ఒప్పందంలో మొదటి విషయానికి ఎనిమిదిన్నర పేజీలు దక్కాయి.

ఒప్పందం ముసాయిదా చదివి అక్కడి గురువు ఎంతో మర్యాదగా ఒకే ఒక్క ప్రశ్న రాశారు. మీరు మమ్మల్ని అడిగే ప్రశ్నలన్నీ ఇందులో ఉన్నాయి, మేము మిమ్మల్ని అడగాలనుకుంటే ఆ ప్రశ్నలు ఎక్కడ రాయాలి అని. మిగిలిన ఆ అర పేజీ అలా చేరింది. నిజం చెప్పాలంటే మేము దాన్ని మర్యాదకే చేర్చాము. దాన్ని ఎవరైనా వాడుకుంటారని అప్పట్లో నాకూ తోచలేదు. కోవిడ్ కాలం కావడంతో ఒప్పందం మీద 2021లో ఇటువాళ్ళు ఇక్కడ, అటువాళ్ళు అక్కడ సంతకాలు చేసి స్కాన్ చేసి పంపుకున్నాము.

2022 జూలైలో మేము ముగ్గురం అక్కడికి వెళ్ళాము. అక్కడ అది చలికాలం, పొడికాలం. మొక్కజొన్న కోతలు అయిపోయి చేలన్నీ ఎండిన మొదళ్ళతో గోధుమరంగులో ఉన్నాయి. ఊళ్ళో పెద్ద ఆడవాళ్ళను గౌరవంగా 'అమాయి' అంటారు, చిచేవా భాషలో అమ్మ అని అర్థం. మన 'అమ్మాయి' చెవిలో పడ్డట్టుగా ఉంటుంది గాని, పిలిపించుకునేది డెబ్బయ్యేళ్ళ ముసలమ్మ. మొదటి రోజంతా నాకు అది నవ్వు తెప్పించింది, రెండో రోజు నుంచి అలవాటైపోయింది.

సంఘంవాళ్ళూ ఊరివాళ్ళూ కలిసి నేలమీద కర్రపుల్లతో తమ ఊరి పటం గీశారు. రాళ్ళు ఇళ్ళు, ఆకులు చేలు, బూడిద గీత వాగు. అయిదుసార్లు వెతికినా ఆ పటంలో చిన్నపిల్లల బడి కనిపించలేదు. ఏది ముందు కావాలో గింజలు పెట్టి చూపించమన్నప్పుడు ఎక్కువ గింజలు రెండు చోట్ల పడ్డాయి: చేతిపంపు దగ్గర, పొదుపు సంఘం దగ్గర. బడి కప్పు గురించి నేనే అడిగాను. ఒక పెద్దాయన కాస్త మొహమాటపడి, అది కూడా మంచిదే, మీరు ఇస్తామన్నారు కదా అని ఊరుకున్నాం అన్నారు. ఊరుకోవడం అన్న ఆ మాట దగ్గర నేను ఆగి ఉండవలసింది. ఆగలేదు. మినిట్స్‌లో కప్పును మూడో పనిగా రాసుకుని ముందుకు వెళ్ళిపోయాను.

పొదుపు సంఘాన్ని వాళ్ళు 'బాంకి ఎంఖోండే' అంటారు, అంటే అరుగు మీది బ్యాంకు. ఇరవై మంది వరకు ఆడవాళ్ళు వారానికొకసారి ఒక ఇంటి అరుగు మీద కూర్చుని పొదుపు వేస్తారు. డబ్బుపెట్టెకు మూడు తాళాలు, మూడు తాళంచెవులు ముగ్గురి దగ్గర, పెట్టె మాత్రం నాలుగో మనిషి ఇంట్లో. 1991లో నైజర్ దేశంలోని మారాడీ ప్రాంతంలో కేర్ అనే సహాయ సంస్థ మొదలుపెట్టిన పద్ధతి ఇలా ఆఫ్రికా అంతా పాకింది. డ్వాక్రా సంఘాలు చూసిన కళ్ళకు ఇదంతా తెలిసినట్టే ఉంటుంది గాని ఒక పెద్ద తేడా ఉంది: బ్యాంకు లింకేజీ, ప్రభుత్వ వడ్డీ రాయితీ లాంటివేవీ లేకుండా తమ సొమ్మునే అప్పులుగా తిప్పుకుని, ఏడాది చివర్లో అసలూ వడ్డీ కలిపి అంతా పంచేసుకుని, మళ్ళీ సున్నా నుంచి మొదలుపెడతారు. ఆ పంపకం రోజు వాళ్ళకు పండగ కన్నా ఎక్కువ. విత్తనాలు, ఎరువులు, బడి ఫీజులు అన్నీ దాని మీదే ఆధారపడి ఉంటాయి.

చేతిపంపు ఆఫ్రిడెవ్ రకం. ఊరివాళ్ళే విప్పి బాగుచేసుకోగలిగేలా రూపొందించిన పంపు అది; గొట్టాలన్నీ పైకి లాగకుండానే లోపలి రాడ్లు బయటికి తీయవచ్చు. మన ఊళ్ళలో కనిపించే ఇండియా మార్క్ 2 పంపును అక్కడ కొన్నిచోట్ల చూసి, జాల్నా, సోలాపూర్‌లలో మిషన్ల బావుల పనిలో పుట్టిన నమూనా నుంచి తయారైన పంపు ఇక్కడిదాకా వచ్చిందా అని కాసేపు ఆనందించాను. మేము వెళ్ళినప్పుడు ఊరి పంపు బాగానే పనిచేస్తోంది, కాని పిడి ఊగుతోందని, రాడ్లు అరిగాయని దాని బాగోగులు చూసే ఇద్దరు ఆడవాళ్ళు అప్పుడే చెప్పారు. మేము దాని పక్కన నిలబడి ఫొటోలు తీసుకున్నాము.

ఆ ఏడాది నవంబరులో, వానలకు ముందు, ఇరవై కుటుంబాలకు ఎరువు కొనడానికి డబ్బు పంపుతామని మాటిచ్చాము. పంపాము కూడా, కాని మధ్యవర్తి బ్యాంకు ఒకటి లావాదేవీని ఆపి, లబ్ధిదారు ఎవరు, ప్రయోజనం ఏమిటి, ఒప్పందం నకలు ఏది అంటూ ఒకదాని తర్వాత ఒకటిగా ప్రశ్నలు వేసింది. నేను జవాబులు పంపుతూనే ఉన్నాను. డబ్బు చేరేసరికి జనవరి మూడో వారం వచ్చింది, దారిలో బ్యాంకు రుసుముల కింద కొంత తరిగింది. ఫిబ్రవరిలో చక్కని కృతజ్ఞతా పత్రం వచ్చింది; ఎరువు అందిందని, పైరు పచ్చగా ఉందని. నేను దాన్ని సంఘానికి చదివాను. నాటిన తొలి వారాల్లో పడవలసిన ఎరువుకు జనవరి చివర్లో డబ్బు చేరితే పైరు పచ్చగా ఎలా ఉందన్న ప్రశ్న, వ్యవసాయ కుటుంబంలో పుట్టిన నాకు రావలసింది, రాలేదు. మంచి కబురు చదువుతున్నప్పుడు మనిషి బుర్ర అంత పదునుగా పనిచేయదు.

2023 మార్చిలో ఫ్రెడ్డీ తుఫాను వచ్చింది. మలావీలో వెయ్యి మందికి పైగా చనిపోవడమో గల్లంతవడమో జరిగింది. మూలాంజే, ఫలోంబే, బ్లాంటైర్ ప్రాంతాలు తీవ్రంగా దెబ్బతిన్నాయి. మా సంఘం ఒక్క వారంలో ఇచ్చిన కానుక, అంతకు ముందు ఏడాది పొడుగునా పొదుపు సంఘం శిక్షణ కోసం ఇచ్చినదానికన్నా ఎక్కువ. ఇందులో ఎవరినీ తప్పుపట్టలేను. కూలిన ఇల్లు టీవీలో కనిపిస్తుంది, మూడు తాళాల పెట్టె కనిపించదు.

ఇక ఆ నివేదిక. 2023 సెప్టెంబరులో చేతిపంపు ఆగిపోయిందని, రాడ్లు, సిలిండరులోని విడిభాగాలు మార్చి చుట్టూ ఉన్న సిమెంటు గచ్చు మళ్ళీ వేయాలని వాళ్ళు రాశారు. మేము అక్టోబరు చివర్లో డబ్బు పంపాము, ఈసారి నాలుగు రోజుల్లోనే చేరింది. 2024 జనవరిలో వచ్చిన నివేదికలో పంపు పూర్తిగా బాగుపడిందని, ఊరంతా సంతోషంగా ఉందని రాసి ఒక ఫొటో జతచేశారు. దాన్ని తెర మీద చూపించడానికి పెద్దది చేస్తుంటే, గచ్చు మూలన ఒక నీలం రంగు సంచి కనిపించింది. అది మాతో వచ్చిన సభ్యురాలి సంచి. వెనక చేలలో ఎండిన మొక్కజొన్న మొదళ్ళు ఉన్నాయి, జనవరిలో అయితే పైరు నిలువెత్తు ఉండాలి. ఆ ఫొటో 2022 జూలైలో మేము తీసి వాళ్ళకు పంపినదే.

పాలక మండలిలో ఆ రాత్రి జరిగిన చర్చ నాకు బాగా గుర్తుంది. కోశాధికారి కోపంగా లేరు, భయంగా ఉన్నారు. ధర్మకర్తగా సంతకం పెట్టింది ఆయన. ఇంకొకరు, వెంటనే అంతా ఆపేద్దామన్నారు. ఆపేయడం అన్న ఆలోచనకు ఆఫ్రికా సంఘాల్లో వేరే చరిత్ర ఉంది: కెన్యాకు చెందిన ప్రెస్బిటేరియన్ చర్చి నాయకుడు జాన్ గాటు 1971లో, విదేశీ మిషనరీలూ విదేశీ ధనమూ కొంతకాలం రాకుండా ఉంటే తప్ప ఆఫ్రికా సంఘం తన కాళ్ళమీద నిలబడలేదని వాదించాడు. అయితే పుచ్చుకునేవాడు ఇక చాలు అనడానికీ, ఇచ్చేవాడు ఇక ఇవ్వను అనడానికీ చాలా తేడా ఉంది, మాట ఒకటే అయినా.

నా వంతు వచ్చినప్పుడు నేను ఇంతవరకు ఆ సంఘంలో ఎవరికీ చెప్పని సంగతి ఒకటి చెప్పాను. నేను చదువుకున్నది మిషన్ హాస్టల్లో, నా ఖర్చు పెట్టుకున్నది సముద్రాల అవతల ఉన్న ఒక దాత. ఏడాదికి రెండుసార్లు ఆ దాతకు ఉత్తరం రాయాలి. ముందు రఫ్ కాగితం మీద రాసి వార్డెన్ గారికి చూపించేవాళ్ళం, ఆయన ఎర్ర పెన్నుతో దిద్దేవారు. ఒకసారి నేను, మా నాన్నకు ఆరోగ్యం బాగాలేదని, లెక్కల్లో తప్పానని, హాస్టల్ గదిలో వాన కురుస్తోందని రాశాను. మూడు వాక్యాలనూ కొట్టేసి, ఆయన ఎంతో దయగా, "ఇవి రాస్తే వాళ్ళు బాధపడతారమ్మా, మళ్ళీ పంపడానికి మనసు రాదు" అన్నారు. ఆయన చెడ్డవారు కారు, అబద్ధాలకోరూ కారు. ముప్పై నలభై మంది పిల్లల అన్నం ఆ ఉత్తరాల మీద ఆధారపడి ఉందని ఆయనకు తెలుసు. అందుకని నేను, దేవుని దయవల్ల అందరం క్షేమంగా ఉన్నామని, బాగా చదువుతున్నానని రాశాను. ఆ దాతకు నా గురించి తెలిసిందల్లా నేను కాని ఒక పిల్ల గురించి. ఆ పాత ఫొటోను జతచేసిన చెయ్యి ఎవరిదో నాకు తెలియదు గాని, ఆ చేతికి కలిగిన భయం నాకు కొత్త కాదు.

అదే సమావేశంలో వేదనాయకం శామ్యూల్ అజరయ్య గారి ప్రసక్తి కూడా తెచ్చాను. తెలుగు నేలమీద దోర్నకల్‌లో పరిచర్య చేసి, 1912లో అక్కడే బిషప్ అయిన ఆయన, భారతీయుల్లో తొలి ఆంగ్లికన్ బిషప్. అంతకు రెండేళ్ళ ముందు, 1910లో ఎడిన్‌బరో ప్రపంచ మిషనరీ మహాసభలో, పాశ్చాత్య మిషనరీలకూ భారతీయ సేవకులకూ మధ్య మనసు విప్పి మాట్లాడుకునే చనువు లేదని నిలబడి చెప్పారు. బీదలకు మీ ఆస్తి ఇచ్చారు, మీ శరీరాలను సైతం అర్పించారు, మేము ప్రేమను కూడా అడుగుతున్నాము, మాకు స్నేహితులను ఇవ్వండి అని ఆయన ముగించారు. మా మండలిలో ఆ పేరు విన్నవాళ్ళు ఇద్దరే. స్నేహితుడికైతే పంపు విరిగిందని రాయవచ్చు, దాతకు రాయలేరు అన్నాను. ఆ మాటకు అందరూ ఒప్పుకున్నారని చెప్పను. ముందు వాళ్ళతో మాట్లాడకుండా ఏ నిర్ణయమూ తీసుకోవద్దన్నంతవరకు మాత్రం ఒప్పుకున్నారు.

ఫిబ్రవరిలో వీడియో కాల్ జరిగింది. కరెంటు పోవడం వల్ల రెండుసార్లు తెగి, మొత్తం రెండు గంటలకు పైగా సాగింది. మొదటి అరగంట నేనే మాట్లాడాను, అదీ ఫొటో గురించి కాదు. అంతకు ముందు రోజు పాత మెయిళ్ళు తిరగేస్తుంటే ఒకటి కంటపడింది: 2022 నవంబరులో బ్యాంకు డబ్బు ఆపిందని నాకు మొదటి వారంలోనే తెలిసినా, వాళ్ళకు మాత్రం 'పని జరుగుతోంది' అని రాశాను, రెండుసార్లు రాశాను. అది కూడా పాత ఫొటో జతచేయడం లాంటిదే. ఆ సంగతి చెప్పి క్షమాపణ అడిగాను. కాసేపు అటునుంచి ఎవరూ మాట్లాడలేదు. తర్వాత వాళ్ళ కోశాధికారి, రిటైరైన ఉపాధ్యాయురాలు, తన నోట్‌బుక్ తెరిచారు.

మా మాట నమ్మి ఆ నవంబరులో వాళ్ళు బాంకి ఎంఖోండే పెట్టెలోంచి అప్పు తీసి ఎరువు కొన్నారు. అందుకే పైరు పచ్చగా ఉంది. ఉత్తరంలో ఆ మాట అబద్ధం కాదు. మా డబ్బు రాకపోవడంతో డిసెంబరు పంపకం ఆగింది, జనవరిలో తరిగి వచ్చిన డబ్బుతో అసలు తీరింది గాని వడ్డీ తీరలేదు, ఇరవై మంది ఆడవాళ్ళకు రావలసిన వడ్డీలో కొంత ఎగిరిపోయింది. ఆ సంగతి మాకు రాయకూడదని సంఘంలో చర్చించి మరీ నిర్ణయించుకున్నారట, మేము నొచ్చుకుంటామని.

ఇక పంపు సంగతి. మా పౌండ్లు అక్టోబరు చివర్లో మలావీ కరెన్సీ అయిన క్వాచాలుగా మారి డయోసీస్ ఖాతాలో పడ్డాయి. మూడు కొటేషన్లు ఉండాలన్న మా నియమం ప్రకారం మూడో దుకాణం వాళ్ళ కాగితం కోసం ఎదురుచూస్తుండగా, నవంబరు 9న మలావీ రిజర్వు బ్యాంకు క్వాచా విలువను తగ్గించింది. డాలరుకు 1,180 దగ్గర ఉన్నది 1,700కు చేరింది, అంటే ఒక్క రోజులో 44 శాతం మార్పు. అంతకు ముందు 2022 మేలో కూడా 25 శాతం తగ్గించారు గాని అప్పుడు మా డబ్బు అక్కడ లేదు. దిగుమతయ్యే రాడ్ల ధర వెంటనే పెరిగింది. ఉన్న డబ్బుతో నాసిరకం రాడ్లు కొని బిగించారు, గచ్చుకు సిమెంటు మిగల్లేదు, మూడు వారాలకు ఒక రాడ్డు విరిగింది. అప్పటి నుంచి ఆడవాళ్ళు గంటసేపు నడిచి పక్క ఊరి పంపు దగ్గరికి వెళ్తున్నారు. నోట్‌బుక్‌లో ప్రతి క్వాచాకూ లెక్క ఉంది, రసీదులు ఉన్నాయి. ఒక్క పైసా ఎవరి జేబులోకీ పోలేదు. మూడు కొటేషన్ల నియమమే లేకపోతే నవంబరు మొదటి వారంలోనే మంచి రాడ్లు వచ్చి ఉండేవి. ఆ నియమం రాసిన చెయ్యి నాది.

మరి నివేదికలో ఎందుకు రాయలేదని మా కోశాధికారి మెల్లగా అడిగారు. వాళ్ళ కోశాధికారి, మీ ఫారంలో సాధించిన ఫలితాలు అని ఒక గడి ఉంది, లబ్ధిదారుల సంఖ్య అని ఒక గడి ఉంది, ఫొటో అతికించడానికి చోటు ఉంది, విరిగిన రాడ్డు రాయడానికి గడి ఎక్కడుందో చూపించండి అన్నారు. టీచరమ్మ కదా, గొంతులో కోపం లేదు, తప్పు లెక్క చేసిన పిల్లవాడిని బోర్డు దగ్గరికి పిలిచినట్టుంది. అంతకు ముందు ఎవరూ వాడుకోరనుకున్న ఆ అర పేజీని ఆవిడ అప్పుడు బయటికి తీసి, ఇందులో మేము ప్రశ్నలు అడగవచ్చని ఉంది కాబట్టి అడుగుతున్నాను అని మొదలుపెట్టారు. డబ్బు ఆలస్యమైతే మాకు ఎన్ని రోజుల్లో చెబుతారు? మీ సంఘం ఖాతాలు మాకు ఎప్పుడు చూపిస్తారు? పంపు కన్నా బడి కప్పు ముఖ్యమని ఎవరు అన్నారు? మూడో ప్రశ్నకు మా వైపు నుంచి ఎవరూ జవాబు చెప్పలేకపోయాము.

ఆ తర్వాత చేసిన మార్పులు వినడానికి చిన్నవి. మూడు నెలల నివేదికలో మొదటి గడి, 'అనుకున్నట్టు జరగనిది ఏమిటి' అన్నది. అది ఖాళీగా ఉంటే నివేదిక అసంపూర్ణమని రాసుకున్నాము. చెడు కబురు వచ్చిందన్న కారణంతో, ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా తర్వాతి వాయిదా ఆపకూడదని ఒప్పందంలో వాక్యం చేర్చాము. ఈ ఒక్క వాక్యానికి మా ధర్మకర్తలను ఒప్పించడానికి మూడు సమావేశాలు పట్టింది. రాడ్లు, సీళ్ళ వంటి విడిభాగాలకు ఒక్క కొటేషన్ చాలు. దిగుమతి సరుకు కొనేటప్పుడు, కొనుగోలు ఖరారయ్యేదాకా డబ్బు పౌండ్లలోనే మా దగ్గర ఉంటుంది, ప్రతి పనికీ అంచనా మీద 15 శాతం అదనంగా పక్కన పెడతాము. మేము రాసే ఉత్తరం కూడా మా చెడు కబురుతోనే మొదలవ్వాలి. ఇది అన్నిటికన్నా కష్టంగా ఉంది. సాయం చేసే సంఘం తన చిల్లులు చూపించుకోవడానికి సిగ్గుపడుతుంది.

కొత్త పద్ధతిలో వచ్చిన మొదటి ఉత్తరం 2024 మార్చి మొదటి వారంలో అందింది. వానలు ముఖం చాటేశాయని, మొక్కజొన్న కంకి పట్టకుండానే ఎండిపోతోందని, ఇప్పటికే నాలుగు కుటుంబాలు మేకలను అమ్ముకున్నాయని మొదటి గడిలో రాశారు. ఆ నెల 23న మలావీ అధ్యక్షుడు దేశంలోని 28 జిల్లాల్లో 23 జిల్లాలను విపత్తు ప్రాంతాలుగా ప్రకటించారు. ఆ వార్త ఇక్కడి పేపర్లలో చిన్నగా వచ్చేసరికే మా సంఘం ధాన్యానికి డబ్బు పంపి వారం దాటింది. ఈసారి ఫొటో అడగలేదు.

అదే ఏడాది చివర్లో మా వంతు వచ్చింది. మా దేవాలయంలో బాయిలరు పాడైంది, ఆదివారం కానుకలు తగ్గాయి, కొందరు పెద్దలు కాలం చేశారు. 2025లో మేము పంపగలిగేది ఒప్పుకున్నదానికన్నా నాలుగో వంతు తక్కువని నేను రాయవలసి వచ్చింది. ఉత్తరం మొదటి వాక్యంగా దాన్ని రాయడానికి రెండు సాయంత్రాలు పట్టింది. అలవాటుకొద్దీ కృతజ్ఞతలతో మొదలుపెట్టి, మళ్ళీ కొట్టేసి, చివరికి పైకి తెచ్చాను. మా ఖాతాల నకలు కూడా జతచేశాను. పది రోజులకు గురువు గారి జవాబు వచ్చింది. ముందుగానే చెప్పినందుకు జికోమో, అంటే కృతజ్ఞతలు, అన్నారు. మీరు ఏడాది మొదలవకముందే చెప్పారు కాబట్టి బడి కప్పు రేకులకు బయానా ఇవ్వకుండా ఆపేశాము, ఆ పని మాకు మొదటి నుంచీ అంత అవసరం కాదు, పొదుపు సంఘం శిక్షణ, పంపు నిర్వహణ మాత్రం తగ్గించకండి అని రాశారు. కింద ఒక వాక్యం: మీ చలికాలానికి బాయిలరు దొరికిందా?

మొన్న చదివిన నివేదికలో మొదటి గడి నిండా చెడు కబుర్లే. పొదుపు సంఘంలో ఇద్దరు అప్పు తీర్చలేక మానేశారు, రెండో సంఘం పెట్టాలన్న ప్రయత్నం తాళంచెవి దగ్గర గొడవపడి ఆగిపోయింది, శిక్షణకు రావలసినవాళ్ళలో సగం మంది కూలిపనులకు వెళ్ళిపోయారు. నేను ఒక్కొక్కటీ చదువుతుంటే ముందు వరుసలో కూర్చునే ఒక పెద్దావిడ చెయ్యెత్తి, మంచి సంగతి ఒక్కటీ లేదా అని అడిగారు. రెండో పేజీ తిప్పాను. అక్కడ, చేతిపంపు ఆగకుండా పనిచేస్తోందని ఒక్క లైను ఉంది. దాన్ని చదివి, ప్రార్థన విన్నపాల దగ్గరికి వెళ్ళాను.